గది నీదేనమ్మా, కాగితమెందుకు?

హనుమకొండలో మేముండే ఇంటి డాబా మీద ఆరు చోట్ల ఇనుప రాడ్లు పైకి లేచి ఉండేవి. 1994లో మామయ్య కింద ఇల్లు కట్టినప్పుడు పిల్లర్లలోంచి పైకి వదిలినవి. పెళ్లయి వచ్చిన కొత్తలో వాటికి తాడు కట్టి బట్టలారేసేదాన్ని. తుప్పంటుకుని తెల్ల చుడీదారొకటి పాడైంది కూడా. మన ఊళ్లలో ఏ కాలనీలో చూసినా డాబాల మీద ఇలాంటి రాడ్లే. కొందరు సిమెంటు పూసి కాపాడుకుంటారు, కొందరు దిష్టిబొమ్మ కడతారు. ఎవరి కోసం వదిలారని అడిగితే ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: "పిల్లగాడు రేపు మీద వేసుకుంటడు." పిల్లగాడే. పిల్ల కాదు. కూతురు మీద వేసుకుంటుందని రాడ్లు నాలుగడుగులు ఎక్కువ వదిలిన తండ్రిని నేనింకా చూడలేదు.

మా డాబా మీది రాడ్లకు గది కట్టించింది మాత్రం నేను. కోడలిని. అప్పు నాది, నెలనెలా కోత పడే జీతం నాది. గది ఎవరిదన్నదే ఈ వ్యాసం.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేశాను. తెలుగు స్త్రీల కథల్లో ఇల్లు అనే స్థలం గురించి నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం మొత్తం ఉంది. పి.సత్యవతి గారి 'ఇల్లలకగానే...' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి గురించి పద్దెనిమిది పేజీలు రాశాను. ఆ పేరు అస్తిత్వానికి ప్రతీక అన్నాను, చెరిగిపోయిన స్వత్వం అన్నాను. అన్నీ సరైన మాటలే. కానీ ఆమె అలుకుతున్న ఆ ఇల్లు ఎవరి పేరున ఉందని నేనొక్కసారీ అడగలేదు. గైడూ అడగలేదు. వైవాలో కూర్చున్న పెద్దలూ అడగలేదు. అడిగి ఉంటే 'సాహిత్యేతర ప్రశ్న' అని నవ్వేసేవాళ్లమేమో.

కోవిడ్ రెండేళ్లలో గది కావాలనుకున్నాను. ఆయన పడగ్గదిలో తలుపేసుకుని ఆఫీసు పని, బాబు హాల్లో ఆన్‌లైన్ బడి, మామయ్య వరండాలో పేపరు. నేను వంటింట్లో ఫ్రిజ్ పక్కన స్టూలేసుకుని డిగ్రీ పిల్లలకు కన్యాశుల్కం చెప్పేదాన్ని. ఒకరోజు కుక్కర్ విజిల్ వేస్తే అవతల్నుంచి ఒక అమ్మాయి, "మేడమ్, మా ఇంట్ల కూడ పప్పే" అంది. అందరం నవ్వుకున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2022 జనవరిలో ఇంట్లో చెప్పేశాను: డాబా మీద ఒక గది వేసుకుంటాను, ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఎవరూ కాదనలేదు. అది ముందే చెప్పాలి. మామయ్య రిటైరైన ఉపాధ్యాయుడు, అభ్యుదయ భావాలున్న మనిషి. నా పిహెచ్.డి. పూర్తయితే వాడకట్టంతా మిఠాయి పంచినాయన. "నీకంటూ ఒక గది ఉండాలమ్మా, తప్పకుండ వేసుకో" అన్నారు. కఠినమైన అత్తమామల మీద కథలు మనకు చాలానే ఉన్నాయి. నేను రాస్తున్నది మంచివాళ్ల గురించి.

గది అన్న మాట నోట్లోంచి బయటపడగానే అది నాది కాకుండా పోవడం మొదలైంది. మొదట బాబుకు చదువుకోవడానికి పనికొస్తుందన్నారు. తర్వాత చుట్టాలొస్తే పడుకోవడానికన్నారు. ఆడబిడ్డ ఫోన్ చేసి, పైన చిన్న వంటగట్టు కూడా పెట్టించు వదినా, రేపు కిరాయికివ్వచ్చు అంది. రాసుకోవడానికి వంటింట్లోంచి పారిపోతున్న మనిషికి పైన ఇంకో వంటిల్లు! మెట్ల మీద వారం రోజులు చర్చ నడిచింది. బయటి నుంచి వేస్తే గది వేరైపోతుంది, హాల్లోంచి వేస్తే ఎవరెప్పుడు ఎక్కుతున్నారో దిగుతున్నారో అందరికీ తెలుస్తుంది. చివరికి బయటి నుంచే అన్నారు, నా కోసం కాదు, కిరాయి ఆలోచనతో. నేనూ కారణం అడగకుండా ఒప్పేసుకున్నాను.

వాస్తు ఆయన వచ్చాడు. నాకు నమ్మకం లేదు, కానీ ఇలాంటి విషయాల్లో మన నమ్మకాన్ని ఎవరడుగుతారు? నేను ఈశాన్యం మూల అడిగాను, అటువైపు వేపచెట్టుంది, పొద్దున వెలుతురు బాగుంటుంది. ఈశాన్యం మీద బరువు పనికిరాదు, మీద ఒక్క గది వేస్తే నైరుతిలోనే వెయ్యాలన్నాడు. సరే అన్నాను. నైరుతి యజమాని స్థానం కదా, ఆయం కట్టడానికి యజమాని నక్షత్రం చెప్పమన్నాడు. నా నక్షత్రం చెప్పాను. ఆయన పెన్ను ఆపి, మర్యాదగానే, "మీది కాదమ్మా, యజమానిది" అన్నాడు. గది కొలతలు మామయ్య నక్షత్రం మీద వచ్చాయి. పన్నెండడుగులు ఆరంగుళాలు, పద్నాలుగడుగుల మూడంగుళాలు. ఇదే శాస్త్రం పెళ్లికావలసిన ఆడపిల్లను వాయవ్యం గదిలో పడుకోబెట్టమంటుంది. అది వాయుదేవుడి మూల, కదిలిపోయేవాటికి మంచిదట. అతిథులకు చెప్పేదీ ఆ మూలే. పుట్టినింట్లో నేను ఇంటర్ దాకా చదువుకున్నది వాయవ్యం గదిలోనే. ఆడపిల్ల తన ఇంట్లో అతిథి అన్న సంగతి సామెతగా చెబితే మనకు కోపమొస్తుంది. దాన్నే గోడలుగా కట్టి ఇస్తే అందులో పెరిగి పెద్దవుతాం.

బ్యాంకు దగ్గర విషయం ఇంకొంచెం స్పష్టమైంది. ఏడు లక్షలు, పదేళ్లు, నెలకు ఎనిమిదిన్నర వేలు. జీతం చీటీ నాది. అయితే స్థలం మామయ్య పేరున ఉంది కాబట్టి ఆయన సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి, దస్తావేజు తాకట్టు పెట్టాలి. పర్మిషన్‌కీ అంతే. 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ పద్ధతిలో మాలాంటి చిన్న స్థలానికి స్వీయ ధ్రువీకరణ మీద అనుమతి వెంటనే వచ్చేసింది, దరఖాస్తుదారు మామయ్య. కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందేమోనని కనుక్కున్నాను. అప్పు మీ పేరున ఉంటే చాలదు, ఇంట్లో కూడా మీ పేరుండాలి, మీరు ఓనరు కారు కదా మేడమ్ అన్నాడు ఆడిటరు. ఇంట్లో ఎవరూ నాతో అనని మాటను పన్ను చట్టం మొహం మీద చెప్పేసింది. దానికి నేను కృతజ్ఞురాలిని.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగాను. పైన కట్టే గదికి, దాని కింది స్థలంలో నా వంతు భాగానికి నా పేరు మీద ఒక సెటిల్‌మెంట్ రాసి రిజిస్టరు చేస్తే బాగుంటుందని. మామయ్యకు కోపం రాలేదు. నొచ్చుకున్నారు. "గది నీదేనమ్మా, కాగితమెందుకు?" అన్నారు. నా సహచరుడు, ఈ మాటను పన్నెండేళ్లుగా వాడుతున్నాను, ఈమధ్య వాడినప్పుడల్లా నాకే కొంచెం సిగ్గేస్తోంది, కంచంలోంచి తలెత్తకుండా, "ఇప్పుడీ లొల్లెందుకు? నాన్న తర్వాత మనదే గదా" అన్నాడు.

మనదే. తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో, హిందీలో లేని ఒక సౌకర్యం మన భాషకుంది. వినేవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. కోడలికి వినిపించేటప్పుడు ఇల్లు ఎప్పుడూ 'మనది'. వరసైనవాళ్లకు చెప్పేటప్పుడు 'మాది'. రిజిస్ట్రారు ముందు మాత్రం 'నాది'. దస్తావేజులో మొదటి పురుషుడు, రెండో పురుషుడు తప్ప 'మనం' అన్న సర్వనామమే ఉండదు. కాగితం అంత అనవసరమైనదైతే మామయ్య దస్తావేజు ముప్పై ఏళ్లు బీరువాలో, లోపలి అరలో, ప్లాస్టిక్ కవరులో ఎందుకుంది? వరదొస్తే ముందు దాన్నే పట్టుకుని బయటికెళ్తారు ఎవరైనా. ప్రేమ ఉన్నచోట కాగితమెందుకు అనేవాళ్ల చేతిలో కాగితం ఉంటుంది. అది లేనివాళ్ల దగ్గర ప్రేమ ఒక్కటే ఉంటుంది, దాన్ని చూపించి బ్యాంకులో అప్పు పుట్టదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈ గొడవంతా అత్తింటి మీద చాడీలా మిగిలిపోతుంది.

మా నాన్న 2014లో వీలునామా రాయకుండా పోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే ఆయన ఇంట్లో అమ్మకు, అన్నకు, నాకు సమాన భాగాలు. ఆ ఇంటి మీద కూడా రాడ్లున్నాయి. 2016లో అన్న వాటి మీద రెండంతస్తులు వేయాలనుకున్నాడు. బ్యాంకు వాళ్లు వారసులందరి హక్కూ తేలాలన్నారు. అన్న ఫోన్ చేసి, "ఒక సంతకం పెట్టాల్నే చెల్లె" అన్నాడు. వెళ్లాను. హక్కు విడుదల పత్రం. నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, పసుపు కుంకుమల కింద తృప్తిపడి అని డాక్యుమెంట్ రైటరు చదివి వినిపించాడు. అమ్మ పక్కనే ఉంది. ఆమె కూడా విడుదల చేసింది. వదిన పట్టుచీర పెట్టింది. ఆ చీర ఇప్పటికీ నాకిష్టం. బస్సెక్కి వస్తూ ఎంత తేలిగ్గా అనిపించిందో! అన్నతో బంధం చెడలేదని. అప్పటికి నా థీసిస్ అచ్చయి ఏడాది.

అంటే పుట్టింటి మీద గది పడటానికి నా భాగం పోయింది. అత్తింటి మీద గది పడటానికి నా జీతం పోతోంది. రెండు చోట్లా డాబా ఎత్తు పెరిగింది. ఇంటి విస్తరణ అంటే ఏమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు తెలిసిన నిర్వచనం ఇదే.

ఇది నా ఒక్కదాని అమాయకత్వమని మొదట్లో అనుకున్నాను. చట్టాలు చదువుతుంటే అమాయకత్వాన్ని కూడా ఎవరో పద్ధతిగా తయారుచేశారని తెలిసింది. 1956 చట్టంలో 23వ సెక్షను అని ఒకటుండేది. పొలం సంగతి వేరు, నగల సంగతి వేరు, కుటుంబం కాపురముంటున్న ఇంటి విషయంలో మాత్రం స్త్రీ వారసులు పంపకం అడగకూడదు, మగ వారసులు తమ భాగాలు తాము పంచుకోదలిచేదాకా ఆగాలి. ఈలోగా కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కయినా ఉందా అంటే, పెళ్లి కాకపోతేనో, భర్త వదిలేస్తేనో, విడిపోతేనో, చనిపోతేనో ఉంది. బతికున్న భర్తతో కాపురం చేసుకుంటున్న కూతురికి పుట్టింట్లో కాలు పెట్టుకునే చోటు చట్టరీత్యా లేదు. 2005 సవరణ వచ్చి ఆ సెక్షన్ని తీసేసేదాకా, నలభై తొమ్మిదేళ్లు, స్వతంత్ర భారతదేశంలో ఇదే చట్టం. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి అమలైన సవరణ ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కిచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే, దేశం మొత్తానికి అది ఇరవై ఏళ్ల ముందుమాట. కానీ అందులోనూ అప్పటికే పెళ్లయినవాళ్లకు భాగం లేదు. పెళ్లి అంటే పుట్టింటి హక్కుల విడుదల పత్రమని అందరికీ ముందే తెలుసు, చట్టం దానికి ముద్ర వేసింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికున్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చి చెప్పింది. కోర్టులు ఇంత దూరం వచ్చాయి. మనం రెండువేల రూపాయల పట్టుచీర దగ్గరే ఉన్నాం.

పని ఫిబ్రవరిలో మొదలైంది. తుప్పు గీకి, పాత రాడ్లకు కొత్త రాడ్లు జతచేసి కట్టారు. మేస్త్రీ రోజూ పొద్దున గేటు దగ్గర అడిగే మాట, "సారు ఉన్నడా మేడమ్?" ఇసుక ట్రాక్టరుకు డబ్బులిచ్చేది నేనే, సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకునేది నేనే. కిటికీ ఎత్తు ఎంతుండాలన్నది మాత్రం సారుకే చెప్పాలి. సారుకు కిటికీ ఎత్తు మీద ఏ అభిప్రాయమూ లేదు. రెండు పూటలా చాయ్ ఎవరు పెట్టారో మీకు చెప్పక్కర్లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత చెప్పినవాడెవడో గానీ, అతను చాయ్ పెట్టి ఉండడు.

పనికి వచ్చినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్లు. తల్లీ కూతుళ్లు. కూతురికి ఏడాది నిండని పాప. సెంట్రింగు కర్రకు పాత చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. తట్టలో కంకర నింపుకుని కర్ర నిచ్చెన మీద పైకెక్కే మగ కూలీకి ఎనిమిది వందలు, అదే తట్ట అదే నిచ్చెన ఎక్కే ఈమెకు ఐదు వందల యాభై. సమాన పనికి సమాన వేతనమన్న చట్టం 1976లో వచ్చింది. మేస్త్రీని అడిగాను. "రేటే అంత మేడమ్" అన్నాడు, ఎండ రేటు చెప్పినట్టు. నేను గొప్పగా ఆ ఇద్దరికీ చెరో రెండు వందల యాభై నా చేత్తో విడిగా ఇవ్వడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి తెలిసింది, మేడమ్ ఎట్లాగూ ఇస్తోంది కదా అని మేస్త్రీ వాళ్ల కూలిలో వంద కోసేశాడు. నేను పోట్లాడితే వేరేవాళ్లను తెచ్చుకుంటానన్నాడు. పని పోతుందన్న భయంతో వాళ్లే నన్ను ఆపారు. నా స్త్రీవాదం నా ఇంటి మెట్ల దాకా కూడా ఎక్కలేకపోయిన రోజది.

ఇక ఆ పాప సంగతి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టంలో పిల్లల కోసం గది ఉండాలని రాశారు. నిజంగానే, గది. గాలి వెలుతురు ఉండాలని, శుభ్రంగా ఉండాలని, ఆరేళ్లలోపు పిల్లలను చూసుకోవడానికి శిక్షణ పొందిన స్త్రీ ఉండాలని కూడా రాశారు. ఎప్పుడు? ఒకేచోట యాభై మందికి పైగా ఆడ కూలీలు పనిచేస్తుంటే. మా పని దగ్గర ఇద్దరు. మన ఇళ్లన్నీ ఇలాంటి ఇద్దరిద్దరు ఆడవాళ్లు మోసిన ఇటుకలతోనే లేచాయి, కాబట్టి ఆ చట్టంలోని గది మన వీధుల్లో ఎక్కడా కనబడదు. నా సొంత గది కోసం కట్టిన కర్రల మధ్య ఆ పాప మూడు నెలలు ఎండలో ఊగింది. నాలుగో రోజే కింద మా హాల్లో పడుకోబెట్టమన్నాను. తల్లి ఒప్పుకోలేదు. ఏడిస్తే వినబడదని.

ఒక మధ్యాహ్నం పెద్దామె, పాప అమ్మమ్మ, అన్నం తింటూ అడిగింది, "ఈ ఇల్లు నీ పేరు మీద లేదా మేడమ్?" లేదన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. "మా ఊళ్లె ఇల్లు నా పేరు మీదనే ఉన్నది, ఇందిరమ్మది. ముసలోడు తాగొచ్చి లొల్లి చేస్తే, నా ఇంట్లకెల్లి నడువ్ అంటా" అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఏడాదికి పది నెలలు ఆ ఇంటికి తాళమే ఉంటుందని కూడా చెప్పింది.

'మధ్యతరగతి ఆడవాళ్ల ఆస్తి గోల' అని ఈ వ్యాసాన్ని పక్కనపెట్టబోయే మిత్రులకు ఆ పెద్దామె మాటే నా జవాబు. పేదింటికి ప్రభుత్వం డబ్బిచ్చేటప్పుడు ఆడమనిషి పేరు కావాలంటుంది. ఇందిరమ్మ ఇళ్లయినా, 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పంచిన ఇళ్ల పట్టాలైనా, 2015 నాటి ప్రధానమంత్రి ఆవాస్ అయినా స్త్రీ పేరో, స్త్రీ పేరు కూడానో ఉండాలన్నాయి. మగాడి పేరున ఇస్తే ఇల్లు నిలవదని సర్కారుకు తెలుసు. ఆ షరతు ఆగిపోయేది మన గుమ్మాల దగ్గరే. జీతాలున్న, డిగ్రీలున్న, పుస్తకాల అరలున్న ఇళ్ల దగ్గర. మనకు కాగితం అడగడం అసభ్యంగా ఉంటుంది. ఐదు లక్షల ఇంట్లో ఆమె యజమానురాలు, అరవై లక్షల ఇంట్లో నేను 'ఇంటి లక్ష్మిని'.

గోడలు లేచి, లింటెల్ పడ్డాక ఏప్రిల్‌లో పని ఆపించాను. బ్యాంకు రెండో విడత నా సంతకం లేనిదే రాదు. కాగితం రాశాకే సంతకం పెడతానన్నాను. ఇంట్లో రెండు నెలలు మాటల్లేవు. పక్కింటివాళ్లకు మామయ్య చెప్పిన కారణం స్టీలు ధర. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక స్టీలు నిజంగానే ఎగబాకింది. మే నెలాఖరులో కేంద్రం ఎగుమతుల మీద సుంకం వేశాక దిగొచ్చింది. కాబట్టి నా సత్యాగ్రహం వల్ల స్లాబు ఖర్చులో కొన్ని వేలు మిగిలాయి, ఆ తెలివి మామయ్య ఖాతాలో పడింది. జూన్‌లో మబ్బు పట్టింది. తడిస్తే సెంట్రింగు చెక్క పాడవుతుందన్నారు, కూలీలు వేరే పనికి పోతామన్నారు, బాబు "అమ్మా, ఇంట్ల ఎవ్వరు నవ్వుతలేరు" అన్నాడు. సంతకం పెట్టేశాను. ఓడిపోయాననే రాస్తున్నాను. స్లాబు పడింది.

స్లాబు పడిన మర్నాడు మట్టితో మళ్లు కట్టి నీళ్లు నింపాలి. పద్నాలుగు రోజులు, కుదిరితే ఇరవై ఒక్క రోజులు ఆరనివ్వకూడదు. ఆరితే బీటలిస్తుంది. పొద్దున్నే ఐదింటికి పైపు పట్టుకుని నేను, నా వెనక అత్తమ్మ. వరి మడిలో ఉన్నట్టుంది ఇద్దరం చీరలు ఎగ్గట్టుకుని. ఆమె నాతో ఆ రెండు నెలలూ పెద్దగా మాట్లాడలేదు. ఐదోరోజో ఆరోరోజో తనంతట తానే చెప్పింది. 1994లో కింది స్లాబు వేసేటప్పుడు డబ్బులు చాలక పని ఆగిందట. ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన ఏడు తులాల చంద్రహారం అమ్మారట. అప్పుడు మోటారు లేదు, మూడిండ్ల అవతలి చేదబావి నుంచి బిందెలతో మోసి ఇరవై రోజులు నీళ్లు పోసిందట, కడుపుతో ఉండి. మూడోనెల. ఆ కడుపు నిలవలేదు. అది ఎవరికీ చెప్పలేదంది, అంటే అందరికీ తెలుసు గానీ ఎవరూ ఆ రెండింటినీ కలిపి అనుకోలేదని.

నేను ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు పోస్తూనే ఉన్నాను. కాసేపయ్యాక, "నీ పేరు రాయమని అడిగినవ్ గదా. ముందు నా పేరు రాయమను, అటెనుక నీది" అంది.

సిగ్గుతో చెబుతున్నాను, నాకప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. అత్తగారిని నేను ఇంటి వైపు మనిషి అనుకున్నాను. ఆమెకు ఇల్లుందనుకున్నాను.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు, భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో ఇంటిపని చేసిన భార్యకు సమాన భాగం ఉందని తీర్పిచ్చింది. పేపర్లో చూసి కత్తిరించి అత్తమ్మకు చదివి వినిపించాను. "వంట చేసినందుకే ఇస్తే, మరి హారానికి?" అంది. ఆ ప్రశ్నకు ఏ సెక్షను కింద జవాబుందో నాకు తెలియదు.

మన గురించి కూడా రెండు మాటలు అనుకోవాలి. వర్జీనియా వుల్ఫ్ 1929లో అచ్చేసిన పుస్తకాన్ని మనం ఎన్నిసార్లు తలుచుకున్నాం! సదస్సుల పేర్లకు, సంకలనాల పేర్లకు, ముందుమాటలకు ఆ 'సొంత గది' వాడుకుని వాడుకుని అరగదీశాం. కానీ ఆవిడ అడిగింది గది ఒక్కటే కాదు, తలుపుకు తాళం, ఏడాదికి ఐదు వందల పౌండ్లు. ఆ డబ్బు ఆ కథకురాలికి ఎలా వచ్చింది? బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త రాసిపెట్టిన ఆస్తి. మన దేశం మీదుగా వెళ్లిన డబ్బు అన్నది ఇంకో వ్యాసానికి వదిలేద్దాం. ఓటు హక్కు, ఆ డబ్బు ఇంచుమించు ఒకేసారి వస్తే డబ్బే ముఖ్యంగా తోచిందని మొహమాటం లేకుండా రాసింది ఆవిడ. ఆడమనిషి నుంచి ఆడమనిషికి కాగితం మీద దిగిన వారసత్వం అది. మనం ఆ కాగితాన్ని వదిలేసి గదిని పట్టుకున్నాం. గదిని కూడా ప్రతీక చేసేసి, మనసులో గది, అక్షరాల గది, కవిత్వపు గది అని రాసుకుంటున్నాం. ప్రతీకకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అందుకే అది అందరికీ సమ్మతం. మనలో ఎంతమందిమి హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు పెట్టి వచ్చాం? ఒక సదస్సులో భోజనాల దగ్గర పదకొండు మందిని అడిగాను, అందరూ రాసేవాళ్లే. ఎనిమిది మంది పెట్టారు. ముగ్గురికి ఇంకా అడిగే సందర్భం రాలేదు. ఇది సర్వే కాదు, ఒక బల్ల దగ్గరి లెక్క. మీ బల్ల దగ్గర మీరూ అడిగి చూడండి.

గది 2022 నవంబరులో పూర్తయింది. ఆరు లక్షలనుకున్నది తొమ్మిదిన్నర దాకా పోయింది, మిగతాది చిట్టీ పాడి కట్టాను. బాగుంది గది. అబద్ధమెందుకు, ఈ వ్యాసం అక్కడే కూర్చుని రాస్తున్నాను, లోపల గడియ పెట్టుకుని. కిటికీ నేనడిగిన ఎత్తులో లేదు, కూర్చుంటే ఆకాశమే కనిపిస్తుంది గానీ చెట్టు కనిపించదు. వాన పడితే మెట్ల వైపు గోడ చెమ్మగిల్లుతుంది. శీతాకాలంలో వడియాలు, వేసవిలో మామిడికాయ ముక్కలు నా బల్ల పక్కనే ఆరతాయి. దానికి నాకు అభ్యంతరం లేదు.

లాయరు దగ్గర ఒక ముసాయిదా రాయించాను. కింది అంతస్తులో సగం అత్తమ్మకు, పై గది, దానికి తగిన స్థలం నాకు, తక్కినది మామయ్యకు. దస్తావేజు తాకట్టులో ఉంది కాబట్టి బ్యాంకు అంగీకారం కావాలన్నారు. ఆ ఉత్తరం కూడా తెచ్చాను. ముసాయిదా మామయ్యకిచ్చి రెండేళ్లు దాటింది. "చూద్దామమ్మా" అంటారు. ప్రతిసారీ మర్యాదగానే అంటారు. మొన్న ఆషాఢంలో నేనొక నెల వాయిదా కట్టలేదు. కట్టలేక కాదు. బ్యాంకు మెసేజి నాకూ వస్తుంది, సహ రుణగ్రహీతకూ వస్తుంది. మామయ్య ఆ సాయంత్రం మెట్లెక్కి వచ్చి తలుపు తట్టారు. ఈ గదికి ఆయన రావడం గృహప్రవేశం తర్వాత అదే మొదటిసారి. కుర్చీ వేశాను. గంటసేపు మాట్లాడుకున్నాం, ఎక్కువగా పాత సంగతులే. దిగిపోతూ ముసాయిదా చదువుతానన్నారు. మర్నాడు జరిమానాతో సహా వాయిదా కట్టేశాను.

పది రోజుల తర్వాత కాగితాలు తిరిగొచ్చాయి. ఆయన అలవాటు ప్రకారం ఎర్ర పెన్నుతో అచ్చుతప్పులు దిద్దారు. నా గది పేరా అలాగే ఉంచారు. అత్తమ్మ పేరున్న పేరా మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 'దీని అవసరం లేదు' అని రాశారు. అలాగైతే నీ గదికి సాక్షి సంతకం కూడా నేను పెట్టను అంది అత్తమ్మ. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని ఆ పేరా మళ్లీ రాశాం. ఈసారి అందులో ఏడు తులాల సంగతి, సంవత్సరంతో సహా వేశాం.